కొత్త స్కూలుకు రోడ్డు, గేటు, ట్రాఫిక్ ప్లాన్: స్థలం కొనకముందు నుంచి మొదటి బెల్లు దాకా

స్కూలు కట్టబోయేవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "గేటు ఎక్కడ పెట్టమంటారు?" దానికి జవాబు సగం పని అయ్యాక గానీ రాదు. సాయంత్రం బెల్లు కొట్టేటప్పటికి ఎన్ని బండ్లు వస్తాయి, అవి ఎక్కడ ఆగుతాయి అన్నది ముందు తేలాలి. అది తేల్చకుండా బిల్డింగ్ ప్లాన్ గీయించేస్తే, మిగిలిన కాస్త జాగాలో ట్రాఫిక్‌ని ఇరికించాలి. అది ఇరకదు, రోడ్డు మీదికి వస్తుంది.

ఏపీ, తెలంగాణల్లో పట్టణ శివార్లలోనో మండల కేంద్రంలోనో 500 నుంచి 1,500 మంది పిల్లలతో స్కూలు పెట్టేవాళ్ల కోసం ఇది రాశాను. ప్రభుత్వ బడికి కొత్త భవనం వస్తున్న ఊళ్లో సర్పంచులకు, పేరెంట్స్ కమిటీలకు 2, 4, 6 భాగాలు ఎక్కువ పనికొస్తాయి.

1. రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

జాతీయ రహదారి అయితే ఎన్‌హెచ్ అధికారులు, రాష్ట్ర రహదారి లేదా జిల్లా ప్రధాన రోడ్డు అయితే ఆర్‌అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ), ఊళ్లను కలిపే రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజినీరింగ్, పట్టణంలో లోపలి రోడ్డయితే మున్సిపాలిటీ. మీరు ఎవరి దగ్గరికి తిరగాలో దీన్నిబట్టే ఉంటుంది.

వెంచర్‌లో స్థలం అయితే లేఅవుట్ అప్రూవ్ అయిందో లేదో చూడటంతో సరిపెట్టకండి. ఆ రోడ్లను గిఫ్ట్ డీడ్ చేసి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించారో లేదో కూడా చూడండి. అప్పగించని రోడ్డుకు రేపు ఎవరైనా గొలుసు కట్టినా మీకు దిక్కుండదు.

డొంక, పుంత, బండ్ల బాట ముందు స్థలం తక్కువలో వస్తోందంటే గ్రామ నక్ష, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పుస్తకం) తీయించి సర్వేయర్‌తో కొలిపించండి. కాగితం మీద 33 అడుగులున్న డొంక నేల మీద 16 అడుగులే మిగలడం మామూలే. ఆ మిగతా అడుగులు ఖాళీ చేయించడానికి పట్టే కాలంలో స్కూలు కట్టేయొచ్చు.

ఇంకోటి, మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డుకు వెడల్పు ఎంత పెట్టారో టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అడగండి. వెడల్పులో పోయే భాగాన్ని నక్షా మీద ఎర్రగీతతో కొట్టేసి, మీ స్థలం దాని వెనక నుంచే మొదలైనట్టు లెక్కేసుకోండి. కార్లు ఆగే జాగా ఆ భాగంలో చూపించేసి, నాలుగేళ్లకు రోడ్డు వెడల్పయ్యాక తలపట్టుకున్న యాజమాన్యాలు చాలానే ఉన్నాయి.

2. స్థలం దగ్గర నిలబడి చూడాల్సినవి

ఆదివారం మధ్యాహ్నం బ్రోకర్ కారులో వెళ్లి చూస్తే ఏ రోడ్డయినా బాగానే ఉంటుంది. మామూలు పనిదినాన పొద్దున 8 నుంచి 9:30 దాకా, సాయంత్రం 3:30 నుంచి 5 దాకా అక్కడ ఉండండి. సంత రోజు ఒకసారి, గట్టి వాన పడ్డాక ఒకసారి వెళ్లండి. పావుగంట చొప్పున బండ్లు లెక్కపెట్టి లారీలు, బస్సులు, కార్లు, ఆటోలు, బైకులు విడివిడిగా రాసుకోండి.

చెక్‌లిస్టు:

- తారు వెడల్పు ఎంత, రెండువైపులా మట్టి మార్జిన్ ఎంత
- బండ్లు ఏ వేగంతో వస్తున్నాయి
- రెండు పెద్ద బస్సులు ఎదురైతే ఒకటి మార్జిన్ దిగాల్సి వస్తోందా
- వరికోతల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారా
- దగ్గర్లో రైల్వే గేటు ఉందా, అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయా
- రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, ఫంక్షన్ హాలు, వైన్ షాపు ఎంత దూరం
- డివైడర్ ఉంటే యూటర్న్ ఎక్కడ
- స్థలం ముందు కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, డ్రెయిన్, పెద్ద చెట్టు ఉన్నాయా
- పిల్లలు ఎక్కువమంది రోడ్డుకు ఏ వైపు నుంచి వస్తారు

చివరిది చిన్న విషయంలా ఉంటుంది. ఊరంతా రోడ్డుకు ఆ పక్క, స్కూలు ఈ పక్క ఉంటే, నడిచొచ్చే ప్రతి పిల్లా రోజుకు రెండుసార్లు రోడ్డు దాటాల్సిందే. అలాంటి స్థలం హైవే మీద ఉంటే, ధర ఎంత తక్కువైనా వదిలేయమనే చెప్తాను.

చూపు ఎంత దూరం ఆనుతోందో కూడా కొలవండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క ప్రకారం బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆగడానికి 45 మీటర్లు కావాలి. 50 అయితే 60 మీటర్లు, 60 అయితే 80 మీటర్లు, 80 అయితే 120 మీటర్లు. మీరు గేటు అనుకున్నచోట డ్రైవర్ కూర్చునే ఎత్తులో కారులో కూర్చుని రెండువైపులా చూడండి. మలుపో ప్రహరీనో చెట్టో ఆ దూరాన్ని మింగేస్తుంటే గేటు అక్కడ కాదు.

3. సాయంత్రం లెక్క వేయండి

ఈ భాగాన్ని దాటేయకండి. ప్లాన్ అంతా దీనిమీదే నిలబడుతుంది.

పొద్దున కారు ఆగి, పిల్లాడు దిగి, బ్యాగు అందుకుని, కారు కదలడానికి నిమిషం చాలు. సాయంత్రం అలా కాదు. బెల్లు 4 గంటలకైతే 3:40 నుంచే తల్లిదండ్రులు వచ్చి నిలబడతారు. బెల్లు కొట్టాక పిల్లాడు గేటు దాకా వచ్చి, లంచ్ బాక్సు మర్చిపోయానని మళ్లీ లోపలికి పరుగెత్తి తిరిగొచ్చేదాకా బండి కదలదు.

సూత్రం ఒక్కటే. నిమిషానికి వచ్చే బండ్ల సంఖ్యను, ఒక్కో బండి ఆగి ఉండే నిమిషాలతో గుణించాలి. ఒకేసారి నిలబడి ఉండే బండ్లు ఎన్నో వస్తుంది.

800 మంది పిల్లల స్కూలును ఉదాహరణకు తీసుకుందాం. మీ ఊరిని బట్టి అంకెలు మార్చుకోండి.

- స్కూలు బస్సులు: 320 మంది, 8 బస్సులు
- ఆటోలు: 120 మంది, 20 ఆటోలు
- బైకులు, స్కూటీలు: 200 మంది, 150 బండ్లు
- కార్లు: 100 మంది, 75 కార్లు
- నడక, సైకిల్: 60 మంది

పొద్దున 75 కార్లు 25 నిమిషాల్లో వస్తే నిమిషానికి 3. ఒక్కోటి నిమిషమే ఆగుతుంది కాబట్టి ఒకేసారి 3 కార్లు. ముందున్న ఖాళీతో కలిపి కారుకు ఆరున్నర మీటర్లు వేసుకుంటే 20 మీటర్లు. గుంపుగా వస్తాయి కాబట్టి రెట్టింపు చేసి 40 మీటర్లు అనుకోండి. ఎక్కడైనా సరిపోతుంది.

సాయంత్రం అవే 75 కార్లు 20 నిమిషాల్లో వచ్చి సగటున 12 నిమిషాలు ఆగుతాయి. 75ని 20తో భాగించి 12తో గుణిస్తే 45 కార్లు. వరసగా నిలబెడితే 290 మీటర్లు పైనే. మీ స్థలం ముందు భాగం 60 మీటర్లే అయితే మిగతా 230 మీటర్ల వరస ఎవరి ఇంటి ముందు ఉంటుందో ఆలోచించండి.

బైకులు కూడా అలాగే. 150 బండ్లలో 90 ఒకేసారి ఉంటాయి. బండికి 2 చదరపు మీటర్లు, మధ్యలో తిరిగే దారి కలిపి రెట్టింపు. మొత్తం 360 చదరపు మీటర్లు, అంటే దాదాపు 430 గజాలు. మన ఊళ్లలో గేటు ముందు దారి మూసేసేది ఎక్కువగా బైకులే. కార్లకు పార్కింగ్ చూపించి బైకులను "ఎక్కడోచోట పెట్టుకుంటారులే" అని వదిలేస్తారు. అవి పెట్టుకునే ఆ ఎక్కడో గేటుకు అడ్డంగానే ఉంటుంది.

బస్సులకు ఒక్కోదానికి 12 మీటర్లు వేసుకుంటే 8 బస్సుల వరసకు 100 మీటర్ల దాకా కావాలి. ఆటోలు ముందే వచ్చి అన్నీ నిలబడతాయి కాబట్టి ఒక్కోదానికి 6 చదరపు మీటర్ల చొప్పున 120 చదరపు మీటర్లు వదలండి.

జాగా చాలకపోతే ముందుగా చేయాల్సింది బెల్లు విడగొట్టడం. చిన్న తరగతులు ఒక బెల్లు, పెద్దవి ఇంకో బెల్లు. కార్లు సగమైతే 23 కార్లు, 150 మీటర్లు. అయితే రెండు బెల్లుల మధ్య కనీసం 25 నిమిషాలు ఉండాలి. 10 నిమిషాల తేడా పెడితే మొదటి గుంపు కదలకముందే రెండో గుంపు వచ్చి పడుతుంది. అన్నో అక్కో పెద్ద తరగతిలో ఉన్న చిన్నపిల్లలను రెండో బెల్లు దాకా లోపలే కూర్చోబెట్టే ఏర్పాటు చేయకపోతే ఆ తల్లిదండ్రులు రెండు బెల్లులకూ అక్కడే ఉంటారు.

ఈ లెక్క పదో తరగతి దాకా సీట్లన్నీ నిండాయనుకుని వేయాలి. మొదటి ఏడాది 200 మందితో అంతా సాఫీగానే ఉంటుంది. అది చూసి మోసపోకండి.

ఒంటిపూట బడుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మార్చి మధ్య నుంచి పిల్లలు ఇంటికెళ్లేది మిట్టమధ్యాహ్నం. నీడలేని చోట ఏ తల్లీ 10 నిమిషాలు నిలబడదు, రోడ్డుకు ఆ పక్కన చెట్టు కింద బండి ఆపుతుంది. పిల్లలు రోడ్డు దాటి పరుగెడతారు. వేచి ఉండే జాగాకు రేకుల షెడ్డు వేయడం వాళ్ల సుఖం కోసం అనుకుంటారు గానీ, నిజానికది పిల్లల రక్షణ కోసం.

4. ఇప్పుడు గేట్లు

కనీసం మూడు కావాలి: బస్సులకు, తల్లిదండ్రుల బండ్లకు, నడిచేవాళ్లకు. స్థలం చిన్నదై రెండే కుదిరితే, నడిచే గేటును మాత్రం బండ్లతో కలపకండి.

మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఎడమకు తిరిగి లోపలికి, ఎడమకు తిరిగి బయటికి అన్నది సూత్రం. కుడికి కోసుకుంటూ లోపలికొచ్చే ప్రతి కారూ ఎదురు వచ్చే వరసను ఆపుతుంది, వెనకున్న వరసనూ ఆపుతుంది. ముందున్న యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రమ్మని మొదటిరోజు నుంచే అలవాటు చేయాలి. సాయంత్రం బయటికి వచ్చేవాళ్లకూ అంతే.

స్థలానికి రెండు రోడ్లుంటే చిన్న రోడ్డు మీద బండ్ల గేటు పెట్టండి. హైవేకు ముఖం పెట్టాలన్న మోజు బోర్డు వరకే ఉండనివ్వండి.

బస్సు గేటును ప్రహరీ గీత మీద పెట్టకండి. 12 మీటర్లు లోపలికి జరపండి. వాచ్‌మన్ వచ్చి గేటు తీసేదాకా బస్సు ఆ జాగాలో నిలబడుతుంది, తోక రోడ్డు మీద ఉండదు. గేటు లోపలికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. గేటు రెండుపక్కలా ప్రహరీ మూలలను ఏటవాలుగా కోసి, అక్కడ గోడ బదులు గ్రిల్ పెడితే బయటికొచ్చే డ్రైవర్‌కు నడిచొస్తున్న పిల్లలు కనిపిస్తారు.

డ్రెయిన్ మీద దాటే స్లాబు విషయంలో కక్కుర్తి పనికిరాదు. నిండు బస్సు బరువుకు సరిపడా ఇంజినీర్‌తో డిజైన్ చేయించండి. మధ్యలో పూడిక తీయడానికి ఎత్తగలిగే జాలీలు పెట్టించండి. చిన్న గొట్టం తూము వేసి పైన మట్టి పోసేస్తే మొదటి వానకే నీళ్లు అడ్డం తిరిగి రోడ్డెక్కుతాయి. అప్పుడు మీ గేటు ముందు గుంట పడుతుంది, పక్కింటివాళ్లతో గొడవా మొదలవుతుంది.

ఇక వాస్తు. యజమాని ఈశాన్యం గేటు కావాలంటాడు, రోడ్డు లెక్క ఆగ్నేయం చూపిస్తుంది. ప్లాన్ ఫైనల్ అయ్యాక సిద్ధాంతి గారిని పిలిస్తే అంతా తిరగరాయాలి. ముందే పిలిచి కూర్చోబెట్టండి. మామూలుగా కుదిరే రాజీ ఏంటంటే, సిద్ధాంతి చెప్పినచోట నడిచే గేటు, పేరు బోర్డు, కొబ్బరికాయ. బస్సు గేటు రోడ్డు చెప్పినచోట.

5. ప్రహరీ లోపల

బస్సు ఒక గేటున వచ్చి, వెనక్కి రాకుండా ఇంకోవైపు నుంచి పోవాలి. పిల్లలున్నచోట బస్సు రివర్స్ చేయడం కంటే ప్రమాదం లేదు. పెద్ద బస్సు తిరగడానికి బయటి అంచు వ్యాసార్థం 12 నుంచి 13 మీటర్లు వదలండి. ప్లాన్ మీద గీసి వదిలేయకుండా, స్థలంలో సున్నంతో గీయించి, అద్దె బస్సు తెప్పించి తిప్పి చూడండి. ఒక పూట ఖర్చుతో మూలనున్న పిల్లర్ ఎక్కడ అడ్డొస్తుందో తెలుస్తుంది.

- బస్సు తలుపు ఎడమవైపు ఉంటుంది, కాబట్టి ఎక్కే అరుగు ఎడమవైపే రావాలి
- క్లాసుల నుంచి బస్సు దగ్గరికి పిల్లలు ఏ బండి దారినీ దాటకూడదు
- నడిచే దారిని బండ్ల దారి కంటే ఎత్తుగా కట్టాలి, పెయింట్ గీత చాలదు
- ఫైరింజన్ దారిలో ఏ బండీ ఆగకూడదు
- ఆటస్థలాన్ని పార్కింగ్‌గా చూపించకండి, వాన పడ్డ రోజు అది బురద

6. ప్రహరీ బయట

ఇక్కడ మీ సొంతంగా ఏదీ చేయకూడదు. రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతితోనే.

స్పీడ్ బ్రేకర్ అనగానే రాత్రికి రాత్రి కాంక్రీటు దిమ్మ పోసేస్తారు. చీకట్లో బైకు మీద వచ్చేవాడు దానిమీద పడితే కేసు మీ మీదికొస్తుంది. గంటకు 25 కిలోమీటర్లకు వేగం తగ్గించే గుండ్రటి బ్రేకర్‌కు ఐఆర్‌సీ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అడుగు వెడల్పు దిమ్మ బ్రేకర్ కాదు. దానిమీద చారల పెయింట్, ముందు హెచ్చరిక బోర్డు, రాత్రి వెలుగు ఉండాలి. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్ ఆశ పెట్టుకోకండి, సర్వీసు రోడ్డు గురించి అడగండి.

జీబ్రా క్రాసింగ్‌ను గేటు మధ్యకు గీస్తారు, అందంగా ఉంటుందని. పిల్లలు దాటేది మాత్రం ఎదురుగా ఉన్న బస్టాపు దగ్గరో, జిరాక్స్ షాపు దగ్గరో. వాళ్లు ఎక్కడ దాటుతారో అక్కడే గీయాలి. బండ్ల వేగం తగ్గించే ఏర్పాటు లేకుండా గీత ఒక్కటే గీస్తే అది ఉత్త ధైర్యం. కుదిరితే క్రాసింగ్‌నే వెడల్పాటి ఎత్తు మీద గీయించండి.

నడిచే గేటు ఎదురుగా రోడ్డంచున రెయిలింగ్ పెట్టించండి. బెల్లు కొట్టగానే పరుగెత్తుకొచ్చే పిల్లలు నేరుగా రోడ్డెక్కకుండా పక్కకు తిరిగి క్రాసింగ్ దగ్గరికి వస్తారు. ఫుట్‌పాత్ అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఐఆర్‌సీ చెప్తుంది. స్తంభం మధ్యలో ఉంటే ఆ వెడల్పు లెక్కలోకి రాదు. స్తంభం జరపడానికి డిస్కంకు (కరెంటు సంస్థకు) దరఖాస్తు పెట్టి, వాళ్లిచ్చే ఎస్టిమేట్ కట్టాలి. ఆలస్యమయ్యే పని, ముందే మొదలుపెట్టండి.

7. కాగితాల వరస

ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి:

- సర్వే స్కెచ్, మాస్టర్ ప్లాన్ వెడల్పు
- సాయంత్రం లెక్క, గేట్లు, లోపలి దారులతో ఒక షీటు సైట్ ప్లాన్
- రోడ్డు శాఖ ఇంజినీర్లతో (ఏఈ, డీఈఈ) స్థలం దగ్గరే ఒకసారి మాట్లాడటం
- రోడ్డు నుంచి దారి తీసుకోవడానికి, డ్రెయిన్ దాటడానికి అనుమతి
- బిల్డింగ్ పర్మిషన్: తెలంగాణలో బిల్డ్‌నౌ (ఇంతకుముందు టీజీ బీపాస్), ఏపీలో డీపీఎంఎస్ పోర్టల్
- ట్రాఫిక్ పోలీసులకు అదే షీటు, అడిగితే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)
- బోర్డులు, బ్రేకర్, క్రాసింగ్ కోసం అర్జీ

జాతీయ రహదారి మీదికి గేటు పెట్టాలంటే 2002 నాటి చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు చూసుకోండి. అనుమతి లేని దారిని మూసేసే అధికారం ఎన్‌హెచ్ అధికారులకుంది.

అర్జీ ఎక్కడా కదలకపోతే కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. పోలీసు, రవాణా, ఆర్‌అండ్‌బీ ఒకే గదిలో కూర్చునేది అక్కడే. ఫోటోలు, బండ్ల లెక్క, సైట్ ప్లాన్ కలిపి రెండు పేజీలిస్తే, పది పేజీల విన్నపం కంటే బాగా పనిచేస్తుంది.

8. తెరిచే నెల

జూన్‌లో బడి తెరిచేలోపు బస్సుల ఫిట్‌నెస్, స్పీడ్ గవర్నర్లు (వేగం హద్దు దాటనీయని పరికరాలు) చూపించేయండి.

తెరవడానికి వారం ముందు అన్ని బస్సులతో ఒక ట్రయల్ నడపండి. తల్లిదండ్రులకు వాట్సాప్‌లో నాలుగు పేజీల రూల్స్ పంపితే ఎవరూ చదవరు. ఒక్క బొమ్మ పంపండి: ఎటు నుంచి రావాలి, ఎక్కడ ఆగాలి, ఎటు పోవాలి. కారు అద్దంలో పెట్టుకోవడానికి పిల్లాడి క్లాసు రాసిన కార్డు ఇవ్వండి. మైకులో పేరు పిలిచేలోపే పిల్లాడు సిద్ధంగా ఉంటే 12 నిమిషాలు కాస్తా 6 అవుతాయి. వరస సగానికి తగ్గుతుంది, అదీ ఒక్క అడుగు జాగా కొనకుండా.

ఆటో డ్రైవర్లతో విడిగా మాట్లాడండి. వాళ్లకు స్థలం, నీడ, మంచినీళ్లు ఇస్తే మీ మాట వింటారు. గేటు నుంచి తోలేస్తే రోడ్డు మధ్యలో ఆపుతారు.

మొదటి రెండు వారాలు ప్రిన్సిపల్, పీఈటీ, ఇద్దరు ముగ్గురు స్టాఫ్ సాయంత్రం బయట నిలబడాలి. అప్పుడు పడిన అలవాటే ఏడాదంతా ఉంటుంది.

9. తప్పులు, సవరణలు

స్కూలు ఇప్పటికే కట్టేశారు, గేటు జంక్షన్ మూలలో ఉంది: ఆ గేటును నడిచేవాళ్లకు వదిలి, బండ్ల గేటును ప్రహరీ రెండో చివరకు జరపండి. గోడ పగలగొట్టే ఖర్చు పెద్దదేం కాదు.

లోపల జాగా లేదు: 300 మీటర్లలోపు ఖాళీ స్థలమో, పగలు ఖాళీగా ఉండే ఫంక్షన్ హాలో సాయంత్రం గంటకు మాట్లాడుకుని, స్టాఫ్ పిల్లలను వరసగా నడిపించుకెళ్లాలి. పెళ్లి ముహూర్తాల రోజుల జాబితా హాలువాళ్ల దగ్గర ముందే తీసుకోండి.

గేటు ముందు ఐస్ బండి, పానీపూరీ బండి: తరిమితే రేపు మళ్లీ వస్తాయి. నడిచే గేటు దాటాక, రోడ్డుకు మీ వైపునే 30 మీటర్ల అవతల చోటు చూపించండి. ఎదురు పక్కన మాత్రం ఉండనివ్వకండి.

తొమ్మిది, పదో తరగతి పిల్లలు స్కూటీల మీద వస్తున్నారు: వాళ్లకు పార్కింగ్ ఇవ్వకండి. మైనర్ లైసెన్సు లేకుండా నడిపితే, ప్రమాదం జరగకపోయినా, మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి యజమానికో తల్లిదండ్రులకో 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. ఇది అడ్మిషన్ రోజే సంతకం పెట్టించుకోవాల్సిన మాట.

కొత్తగా తారు వేశాక రోడ్డు ఎత్తు పెరిగి, వాన నీళ్లు గేటులోంచి లోపలికి వస్తున్నాయి: గేటు గీత మీద అడ్డంగా జాలీ కాలువ వేసి డ్రెయిన్‌లో కలపండి. ర్యాంపు నిటారుగా కట్టకండి, నిండు బస్సు ఎక్కుతూ వెనక్కి జారుతుంది.

వినాయక చవితికి మీ రోడ్డు మీదే మండపం వేస్తారు: గొడవకు పోకుండా పది రోజుల ముందే కమిటీవాళ్లను, స్టేషన్ ఎస్సైని కలిసి, బస్సు పట్టేంత దారి వదిలేలా మాట్లాడుకోండి. ఆ రోజుల వరకు కార్లన్నీ రెండో గేటుకే రావాలని తల్లిదండ్రులకు ముందురోజు సాయంత్రమే మెసేజ్ పెట్టండి.